వెనక్కి తిరక్కుండా వెనక ఏముందో తెలియాలంటే: సైకిల్ రాడార్ లైటుతో ఎనిమిది నెలలు

ముందే చెప్పేస్తున్నా, ఇది పన్నెండు వేల చిల్లర పెట్టి కొన్న ఒక సైకిల్ వెనక లైటు గురించి. అవును, లైటుకే అంత. నా మొదటి సైకిల్ ఖరీదే పధ్నాలుగు వేలు. బిల్లు చూసి మా ఆవిడ "ఇంకో రెండు వేలు కలిపితే ఇంకో సైకిలొచ్చేది కదా" అంది, అప్పుడు నా దగ్గర జవాబు లేదు, ఎనిమిది నెలల తర్వాత సగం జవాబే ఉంది. ఆ సగం ఏంటో రాద్దామని కూర్చున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద కొన్ని తిట్లు ఉన్నాయి, పైగా ఈ రకం లైట్లు ఏ కంపెనీవైనా ఇంచుమించు ఇలాగే పనిచేస్తాయి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సీటు గొట్టానికి తగిలించే ఎర్ర లైటు ఇది, లోపల చిన్న రాడార్ ఉంటుంది. వెనక నుంచి ఏదైనా బండి మనకంటే వేగంగా వస్తుంటే పట్టుకుని హ్యాండిల్ మీదుండి వేగం, దూరం చూపించే సైకిల్ కంప్యూటర్‌కి గానీ ఫోన్‌కి గానీ చెప్తుంది. స్క్రీన్ పక్కన ఒక గీత, దాని మీద కింద నుంచి పైకి పాకే చుక్క. ఏమీ లేకపోతే పచ్చ, బండి వస్తుంటే పసుపు, మరీ వేగంగా వస్తుంటే ఎరుపు, కొత్త బండి కనపడినప్పుడల్లా ఒక కూత. రైలు మన వైపు వస్తున్నప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినపడుతుంది చూడండి, అదే సూత్రం, ఇక్కడ శబ్దానికి బదులు రేడియో తరంగాలు. ఈ ఆలోచనని సైకిల్‌కి ఎక్కించింది స్వీడన్‌లో గోథెన్‌బర్గ్‌కి చెందిన ఐకుబు అనే చిన్న కంపెనీ, 2014లో బ్యాక్‌ట్రాకర్ అన్న పేరుతో. 2015 మొదట్లో జీపీఎస్ పరికరాలు చేసే గార్మిన్ అనే కంపెనీ ఆ ఐకుబుని కొనేసి ఆ ఏడాదే వేరియా పేరుతో బయటికి తెచ్చింది. ఇప్పుడు చైనా కంపెనీలు సగం ధరకి చేస్తున్నాయి, నాది అలాంటిదే.

ఎందుకు కొన్నానంటే, మెడ వల్ల. నిజంగానే. మేముండేది లింగంపల్లి వైపు, పొద్దున్నే తెల్లాపూర్ మీదుగా కొల్లూరు దాకా వెళ్ళి అక్కడి నుంచి ఔటర్ సర్వీస్ రోడ్డు పట్టుకోవడం నాకు అలవాటు. తెల్లాపూర్ రోడ్డు మీద వెనక ఏదో పెద్ద బండి వస్తున్నట్టు అనిపించి కుడివైపు తల తిప్పి చూశాను. తల ఎటు తిరిగితే భుజం అటు, భుజం ఎటు పోతే హ్యాండిల్ అటు, ఇది సైకిల్ తొక్కే ప్రతివాడికీ తెలుసు, అయినా తిప్పుతాం. చూసి తిరిగి ముందుకు మొహం పెట్టేసరికి నేను రోడ్డు అంచు నుంచి రెండడుగులు లోపలికి వచ్చేశాను, నా మోచేతికి జానెడు దూరంలో రెడీమిక్స్ లారీ ఒకటి తిరిగే డ్రమ్ముతో సహా నన్ను దాటుకుంటూ పోయింది. దాని గాలికి నేనూ సైకిలూ ఊగిపోయాం. అంటే ప్రమాదాన్ని చూద్దామని తిరిగి ప్రమాదంలోకే పోయానన్నమాట. ఆ రోజు ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు, రాత్రి కూర్చుని ఆర్డర్ పెట్టాను.

అయితే ఇది హైదరాబాద్ ఊళ్ళో కొనుక్కోవాల్సిన వస్తువు కాదు. మొదటి వారం ఆఫీసుకి వెళ్తూ గచ్చిబౌలి వైపు దీన్ని పెట్టుకుని తొక్కాను, అది కూసింది కూసినట్టే ఉంది. వెనక బండి లేని క్షణమే లేదు కదా మనకి, ఇంక దేని గురించి చెప్తుంది పాపం. స్క్రీన్ అంతా ఎర్రటి చుక్కల జాతర. సిగ్నల్ దగ్గర పక్కనాగిన స్విగ్గీ కుర్రాడు "అన్నా, మీ ఫోన్ మోగుతున్నది" అని రెండుసార్లు చెప్పాడు. మూడోరోజుకి కూత ఆపేశాను, నాలుగోరోజు స్క్రీన్ చూడటం మానేశాను, వారం తర్వాత అది మామూలు ఎర్ర లైటు. ఊళ్ళో ఆరేడు కిలోమీటర్లు ఆఫీసుకి తొక్కేవాళ్ళు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి ఒక అద్దం కొనుక్కోవచ్చు, దాని సంగతి కింద ఉంది.

దీని అసలు విలువ నాకు తెలిసింది చేవెళ్ళ రోడ్డు మీద. అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్ మీదుగా పోయే బీజాపూర్ హైవే, రెండు పక్కలా పాత మర్రిచెట్లు, హైదరాబాద్ సైకిల్ వాళ్ళందరికీ ప్రాణం ఆ రోడ్డంటే. నేను తొక్కిన రోజుల్లో చాలాచోట్ల రెండు వరుసలే, మధ్యలో డివైడర్ లేదు, తారు అయిపోయిన చోట జానెడు లోతు అంచు, ఆ కింద మట్టి మార్జిన్, ఆ పక్కనే మర్రి మొదలు. ఇలాంటి రోడ్డు మీద సైకిల్‌వాడిని చంపేది ఒక్క బండి కాదు, రెండు బండ్లు. ఎదురుగా ఒక బస్సు వస్తుంటుంది, వెనక ఒక టిప్పర్ వస్తుంటుంది, ఆ రెండూ సరిగ్గా నేనున్న చోటే కలుసుకుంటే ముగ్గురికి సరిపోయేంత తారు అక్కడ లేదు. టిప్పర్‌వాడు బ్రేకు వేస్తాడా అంటే వేసేవాడూ ఉంటాడు, కంకర లోడుతో ఎవరు ఆపుతార్లే అనుకునేవాడూ ఉంటాడు.

ఎదురుగా వచ్చేది నాకు కనపడుతుంది. వెనక వచ్చేది ఇన్నాళ్ళూ చెవితోనే, అదీ ఆఖరి నిమిషంలో. ఈ లైటు 140 మీటర్ల నుంచి పట్టుకుంటుందని డబ్బా మీద రాశారు, తిన్నటి రోడ్డు మీద నాకు దాదాపు అంతే వచ్చింది. నేను గంటకి ఇరవై అయిదు, కారు వంద మీద వస్తుందనుకోండి, తేడా 75, అంటే నా దగ్గరికి రావడానికి ఆరేడు సెకన్లు. అరవై మీద వచ్చే టిప్పర్ అయితే పద్నాలుగు సెకన్లు. ఏడు సెకన్లు చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఊపిరి పీల్చుకుని, ఎదురుగా బస్సు ఎంత దూరంలో ఉందో చూసుకుని, మార్జిన్‌లో గుంటలు లేని చోటు చూసుకుని, నెమ్మదిగా దిగిపోవడానికి బోలెడు. నేనిప్పుడు చేసేది అదే. కూత వినపడగానే ముందు చూస్తాను, ఎదురు బండి లేకపోతే నా దారిన నేను తొక్కుతాను, ఉంటే లెక్క వేసుకుంటాను, కుదరదనిపిస్తే మట్టిలోకి దిగి ఒక కాలు ఆనించి నిలబడతాను. సగటున ఒక ఆదివారం నాలుగైదు సార్లు దిగుతాను. మా గుంపులో కుర్రాళ్ళు నవ్వుతారు, స్ట్రావాలో, అదే తొక్కిన దూరం, వేగం లెక్కపెట్టే యాప్‌లో, యావరేజ్ పడిపోతుందని. పడిపోనీ.

వెనక నుంచి భయపడటం ఉత్త భయమేమీ కాదు. కేంద్ర రవాణా శాఖ 2022 లెక్క ప్రకారం దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది, ప్రమాదాల రకాల్లో మొదటి స్థానం వెనక నుంచి గుద్దినవాటిదే. ఇది సైకిళ్ళ లెక్క కాదు, అన్ని బండ్లదీను, అయినా మనవాళ్ళు ముందున్నవాణ్ణి ఎంత బాగా చూస్తారో దాంట్లోనే తెలుస్తోంది.

ఇంక తిట్లకి వద్దాం. ఈ రాడార్‌కి ఒక పెద్ద గుడ్డితనం ఉంది, డబ్బాలో ఇచ్చిన కాగితంలో ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది. మనకీ వెనక బండికీ వేగంలో తేడా ఉంటేనే దానికి కనపడుతుంది. బండి వచ్చి మన వెనకే మన వేగానికి తగ్గిందనుకోండి, చుక్క మాయం, గీత పచ్చ. శంకరపల్లి వైపు ఒకసారి గడ్డి లోడు ట్రాక్టర్ నా వెనక చేరింది. కూసింది, చుక్క పైకి పాకింది, నేను ఎడమకి జరిగాను, దాటుతుందని చూశాను, దాటలేదు. కాసేపటికి స్క్రీన్ పచ్చగా అయింది. పక్క సందులోకి తిరిగి ఉంటుందిలే అనుకున్నా. ముందు పెద్ద గుంట వస్తే తాపీగా కుడికి తిప్పాను, అప్పుడు వినపడింది వెనక పది అడుగుల దూరంలో ట్రాక్టర్ హారన్, ఆ పైన పాటలు, ఆ పైన డ్రైవర్ నా తాతముత్తాతల్ని తలుచుకోవడం. ఆయన తప్పేమీ లేదు, పాపం నా వెనక ఓపిగ్గా వస్తున్నాడు. మామూలుగా అయితే ఆ ఇంజన్ శబ్దం వినపడేదే, ఆ రోజు ఎదురుగాలి, పైగా నా బుర్ర స్క్రీన్‌ని నమ్మేసింది. పచ్చ అంటే వెనక ఎవరూ లేరని కాదు, వెనక ఎవరూ దూసుకు రావట్లేదని. ఈ ఒక్క మాట డబ్బా మీద పెద్దక్షరాలతో రాయాలి, అక్కడేమో సైకిల్ తొక్కుతూ నవ్వుతున్న తెల్లాయన బొమ్మ వేశారు.

రెండోది, నా దగ్గరున్న దానికి లారీకీ యాక్టివాకీ తేడా తెలియదు. రెండిటికీ ఒకే చుక్క. పాలక్యాన్ల బైకు వస్తుందని తెలియక మట్టిలోకి దిగిపోయిన రోజులున్నాయి. గుంపుతో పోతే వెనకొచ్చే మనవాడు కొంచెం వేగం పెంచినా కూస్తుంది. వానలో పొడుగు రెయిన్‌కోటు వేసుకుంటే వెనక వేలాడి రాడార్ మొహానికి అడ్డం పడుతుంది, సీటు కింద పెద్ద సంచీ పెట్టినా అంతే. పొట్టివాళ్ళకి సీటు కింద గొట్టం ఎక్కువ బయట ఉండదు, మా తోడల్లుడి సైకిల్‌కి ఎంత తంటాలు పడ్డా నిలువుగా నిలబడలేదు.

ఒక్క విషయంలో మాత్రం అది నా చెవుల కంటే మేలు, బ్యాటరీ బండ్లు. ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఎలక్ట్రిక్ ఆటోలు, ఇప్పుడు సిటీలో తిరిగే ఎలక్ట్రిక్ బస్సులు కూడా, పక్కకొచ్చేదాకా చప్పుడు ఉండదు. కొల్లూరు సర్వీస్ రోడ్డు మీద వెనకేమీ లేదని ప్రమాణం చేసి చెప్పగలనన్నంత నిశ్శబ్దంలో అది కూసింది, నాలుగు సెకన్ల తర్వాత ఒక కారు గాలిలా పోయింది.

ఇప్పుడు లైటు సంగతి, ఎందుకంటే రాడార్ నాకు చెప్తుంది గానీ వెనకవాడికి చెప్పేది లైటే. దీంట్లో పగలు వాడే మెరుపు మోడ్ ఒకటుంది, ఎండలో కూడా కళ్ళల్లో పొడుస్తుంది, అద్భుతం. రాత్రి కూడా అదే వాడేవాణ్ణి, ఎంత మెరిస్తే అంత మంచిదని. తప్పని నాకు చెప్పింది ఏ వీడియో కాదు, మొయినాబాద్ దగ్గర చాయ్ బండి వద్ద ఒక లారీ డ్రైవర్. ఇంకా తెల్లవారలేదు, నేను సైకిల్ ఆనించి చాయ్ చెప్పాను, ఆయన గ్లాసు పట్టుకుని నా లైటు వైపు చూస్తున్నాడు.

"సార్, ఇందాక ఆ మలుపు కాడ మీరేనా?"

నేనే అన్నాను, తిడతాడేమో అనుకుంటూ.

"గట్ల టక్కటక్క కొట్టుకుంటుంటే ఎంత దూరమున్నదో తెల్వది సార్. వెలిగితె ఉన్నట్టు, ఆరితె లేనట్టు. చక్కగ వెలుగుతనే ఉంటె దగ్గరికొచ్చినకొద్ది పెద్దగైతది, అప్పుడు అందాజ వస్తది."

నేను వెంటనే బటన్ నొక్కి నిలకడగా వెలిగే మోడ్‌లో పెట్టి చూపించాను. ఆయన తల ఊపాడు. తర్వాత ఇంకా చెప్పాడు, ఎడమవైపు కింద తనకి ఏమీ కనపడదట, ఇదివరకు క్లీనర్ తలుపు మీద తట్టి చెప్పేవాడు, ఇప్పుడు క్లీనర్లు ఎవరూ రావట్లేదు, ఒక్కణ్ణే తోలుకుంటున్నా అన్నాడు. మీరు హారన్ కొడితే మాకు గుండె ఆగినంత పనవుతుంది అని నేనంటే నవ్వాడు. "హారన్ కొడితె జరుగుమని కాదు సార్, నేను ఉన్న అని చెప్తున్న. మీరేమో తిట్టుకుంటరు." నేను పన్నెండు వేలు పెట్టి కొనుక్కున్న సమాచారం ఈయన ఇన్నేళ్ళుగా ఊరికే ఇస్తున్నాడు, నేను దాన్ని బూతు అనుకుంటున్నాను. లారీల వెనక హారన్ కొట్టమని రాసుకునే దేశం మనది, వెనకవాడు చప్పుడు చేయాలి, ముందువాడు వినాలి, అదీ ఒప్పందం. చిక్కేమిటంటే ఏసీ వేసుకుని అద్దాలెత్తుకుని వంద మీద పోయే కార్లు ఆ ఒప్పందంలో లేవు.

ఆ రోజు నుంచి చీకట్లో రాడార్ లైటు నిలకడగా, హెల్మెట్ వెనక రెండొందల రూపాయల చిన్నది ఒకటి మెరుస్తూ. జర్మనీలో అయితే సైకిల్‌కి మెరిసే లైటు పెట్టడమే చట్టం ఒప్పుకోదు, ఇంతకుముందు చదివినప్పుడు వాళ్ళకి చాదస్తం అనుకున్నాను. నిలకడగా పెడితే బ్యాటరీ తొందరగా అయిపోతుంది, అది వేరే సంగతి. పగటి మెరుపులో పదహారు గంటలని రాశారు, నాకు పదమూడు వస్తోంది. నిలకడగా వెలిగితే ఆరు గంటలని రాశారు, నాకు అయిదున్నర. రాత్రి తొక్కే 300 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ యాత్ర) లాంటి వాటికి పవర్ బ్యాంకు లేకుండా పోవద్దు.

రాడార్ చెప్పలేనివి ఇంకా ఉన్నాయి, నా లెక్కలో మన రోడ్ల మీద సగం ప్రమాదం అక్కడే. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బండి. సర్వీస్ రోడ్లన్నీ రెండు వైపులా పోయే రోడ్లని జనం ఎప్పుడో తీర్మానించేసుకున్నారు. ఎదుటి కారు లారీని దాటుతూ నా వరుసలోకి వచ్చి లైట్లు టపటపా కొడుతుంది, కొన్ని దేశాల్లో లైటు కొడితే నువ్వు వెళ్ళమని అర్థమట, మన దగ్గర నేనొస్తున్నా చావు అని అర్థం. అందుకే పగలు కూడా ముందు తెల్ల లైటు వెలిగించే ఉంచుతాను, కనీసం ఏదో బండి ఉందనుకుంటాడు. కారు తలుపులు ఇంకొకటి. రోడ్డు పక్క ఆగిన కారులోంచి కుడి తలుపు ధడాలున తెరుస్తారు. ఆగిన కార్ల పక్కన పోయేటప్పుడు తలుపు వెడల్పు దూరం వదిలేయండి, వెనకవాడు గొణుక్కున్నా సరే. బ్రిటన్ వాళ్ళు 2022లో మార్చిన హైవే కోడ్‌లో తలుపుని దూరంగా ఉన్న చేత్తో తెరవమని రాశారు, అంటే మన డ్రైవర్ ఎడం చేత్తో కుడి తలుపు తీయాలి. అలా తీయాలంటే ఒళ్ళు తిరిగి వెనక చూడక తప్పదు. మా ఆవిడకీ అబ్బాయికీ ఇది నేర్పించాను, అబ్బాయి చేస్తున్నాడు, ఆవిడ నేను చూస్తున్నప్పుడు చేస్తుంది.

అద్దం గురించి చెప్తానన్నాను. హ్యాండిల్ చివర గొట్టంలో దూర్చే గుండ్రటి అద్దం, 350 రూపాయలు. రాడార్ కొన్న రెండు నెలలకి కొన్నాను, తిరగేసి కొనాల్సింది. మనకి కుడి పక్క పెట్టుకోవాలి, ఇది చెప్పాలా అనకండి, డబ్బా మీద బొమ్మలో ఎడమవైపు ఉంది, ఎడమవైపు పెట్టుకుని తిరిగే పెద్దమనుషుల్ని ఇద్దర్ని చూశాను, వాళ్ళకి పొలాలు బాగా కనపడుతుంటాయి. ఉబ్బెత్తు అద్దం కాబట్టి బండి ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది, వారం రోజులు అలవాటు కావాలి. గతుకుల్లో వణుకుతుంది. కానీ రాడార్ కూస్తే కళ్ళు అద్దంలోకి పోతాయి, అప్పుడు తెలుస్తుంది వచ్చేది టిప్పరా పాలబండా అని. ఈ రెండూ కలిస్తేనే సంపూర్ణం. ఒక్కటే కొనగలిగితే అద్దం. స్క్రీన్ పచ్చగా ఉందని నేను మోసపోయిన ట్రాక్టర్ అద్దంలో అయితే గడ్డితో సహా కనపడేది.

పసుపు జాకెట్ రాణిగంజ్‌లో 150 రూపాయలు, రోడ్డు పనివాళ్ళు వేసుకునేది. అదే సైకిల్ బ్రాండు పేరుతో రెండు వేలు. పసుపు రంగు పగలూ తెల్లవారుజామునా పనిచేస్తుంది, చీకటి పడ్డాక దాని పని సున్నా, అప్పుడు పనిచేసేది మీదున్న వెండి పట్టీలు, అదీ హెడ్‌లైటు పడినప్పుడు. నా అనుభవంలో వీపు మీదున్న పట్టీ కంటే చీలమండకి కట్టుకునే పట్టీ మేలు, పైకీ కిందకీ కదులుతుంటుంది కాబట్టి చూసేవాడికి ఇది మనిషి కాలు, సైకిల్ అని వెంటనే తెలుస్తుంది. జాకెట్‌తో ఒక్క ఇబ్బంది, జనం మనల్ని మున్సిపాలిటీ అనుకుంటారు. చందానగర్‌లో ఒకావిడ నన్ను ఆపి మా వీధిలో డ్రైనేజీ మూత ఎప్పుడు వేస్తారని గట్టిగా అడిగింది. చూస్తామమ్మా అని చెప్పి వచ్చేశాను.

సర్వీసు గురించి. ఆరో నెలలో లైటుని గొట్టానికి పట్టి ఉంచే రబ్బరు బ్యాండు తెగింది, సంవత్సరం వారంటీ ఉంది. కొన్నచోటికి రాస్తే కంపెనీకి రాయమన్నారు, కంపెనీకి రాస్తే వీడియో పంపమన్నారు, వీడియో పంపితే వస్తువు కాదు కాబట్టి, యాక్సెసరీ కాబట్టి వారంటీ రాదన్నారు, విడిగా కొనుక్కోవాలంటే స్టాకు లేదన్నారు. ఇదంతా మూడు వారాలు. పన్నెండు వేల వస్తువుని నిలబెట్టేది ఆ పదిరూపాయల రబ్బరే, దానికి విడిగా ఇంకొకటి డబ్బాలో పెట్టడానికి వీళ్ళకి చేతులు రాలేదు. చివరికి మా వీధి చివర పంక్చర్ షాపతను పాత ట్యూబు ముక్క రెండంగుళాల వెడల్పున కోసి, అటూ ఇటూ కన్నం పెట్టి ఇచ్చాడు. "ఏంటి సార్ ఇది, కెమెరానా?" అని అడిగాడు, వెనకొచ్చే బండి చెప్తుందన్నాను. "మరి ముందొచ్చేది?" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. ట్యూబు ముక్క ఇప్పటికీ ఉంది, ఒరిజినల్ కంటే గట్టిగా పట్టింది.

ఇంత గొడవెందుకు, హాయిగా సోలార్ సైకిల్ ట్రాక్ మీద తొక్కుకోవచ్చు కదా అంటారేమో. ఔటర్ పక్కన 2023 అక్టోబర్‌లో తెరిచిన ట్రాక్ నాకిష్టమే, 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, నెత్తిన సోలార్ పలకల నీడ. అక్కడ రాడార్ ఆపేసి పాటలు పెట్టుకుంటాను. కానీ అక్కడిదాకా పోవాలంటే తెల్లాపూర్ రోడ్డు మీదే కదా పోవాలి, కారు వెనక సైకిల్ కట్టుకుని పోయేవాళ్ళకి తప్ప. గోథెన్‌బర్గ్‌లో ఉండే మా పెద్దమ్మగారబ్బాయి, అదే ఈ రాడార్ పుట్టిన ఊళ్ళోనే, అక్కడ ఎండాకాలంలో మంచు లేనప్పుడు స్కీయింగ్ వాళ్ళు చక్రాల కర్రలు కాళ్ళకి కట్టుకుని రోడ్ల మీదే ప్రాక్టీసు చేస్తారని చెప్పాడు. చేతుల్లో రెండు పొడుగు కర్రలు, అటూ ఇటూ పొడుచుకుంటూ పోవడం, చాలావాటికి బ్రేకులే ఉండవట. వాళ్ళకి లైటు పెట్టుకోడానికి సీటు గొట్టం కూడా లేదు, నడుముకి తగిలించుకుంటారట. మరి కార్లవాళ్ళు ఏమంటారురా అంటే, ఏమంటారు, వెనకాలే నెమ్మదిగా వచ్చి, ఎదురు ఖాళీ అయ్యాక అవతలి వరుసలోకి పూర్తిగా తప్పుకుని దాటుతారు అన్నాడు. ఫ్రాన్సులో సైకిల్‌ని దాటేటప్పుడు ఊళ్ళో మీటరు, ఊరి బయట మీటరున్నర దూరం వదలాలని చట్టమే ఉంది. ఇక్కడ నాకు మీటరు వదిలినవాళ్ళు పెళ్ళి ఊరేగింపు బ్యాండువాళ్ళు మాత్రమే.

మళ్ళీ కొంటావా అంటే, చేవెళ్ళ, వికారాబాద్, శంకరపల్లి వైపు వారానికోసారైనా పోతాను కాబట్టి కొంటాను. ఊళ్ళోనే తొక్కేవాణ్ణయితే కొనను, అద్దం, రెండు లైట్లు, రాణిగంజ్ జాకెట్, చీలమండ పట్టీలు, అన్నీ కలిపి పదిహేను వందల్లో తేల్చేస్తాను. ధర దసరా, దీపావళి సేల్లో పదకొండు దాకా దిగుతుంది, ఆగగలిగితే ఆగండి. కొన్న రోజే ఒక ట్యూబు ముక్క కోయించి సంచీలో పడేసుకోండి.

మా అబ్బాయి ట్యూషన్ సైకిల్‌కి కూడా మొన్న ఒక అద్దం బిగించాను. రెండు రోజులు ఉంచుకుని పీకేశాడు, ఫ్రెండ్స్ అందులో జుట్టు దువ్వుకుంటున్నారట. మళ్ళీ బిగించాను. ఈసారి స్క్రూ కొంచెం గట్టిగా తిప్పాను.